తెర మీది సీమ, మన సీమ

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది రేపోమాపో బెంగళూరుకో హైదరాబాదుకో బయల్దేరతారు. హాస్టల్లో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "మీది అనంతపురం వైపా? ఇంట్లో బాంబులుంటాయా?" అడిగినవాడు చెన్నేకొత్తపల్లి చూసుండడు, పెనుకొండ కోట ఎక్కి ఉండడు. అయినా మన రాయలసీమ గురించి అంతా తెలుసని ధీమా.

ఆ ధీమా ఇచ్చినవి ఫ్యాక్షన్ సినిమాలు: 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'.  హాళ్లలో ఆడి వెళ్లిపోతే ఇంతగా పాతుకునేవి కావు. టీవీ చానళ్లు వాటిని పండక్కీ పబ్బానికీ వేస్తూనే ఉన్నాయి. ఒకసారి చూస్తే కథ అనుకుంటాం. ఏటేటా చూస్తే ఆ ఊళ్లే అలా ఉంటాయనుకుంటాం.

ఫ్యాక్షన్ అబద్ధమని నేననను. దానికి భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న ఆడవాళ్లు సీమలో ఉన్నారు. తెర మీద వాళ్లకు దక్కేది ఏడ్చే అరనిమిషం, మిగతా సినిమా అంతా తొడగొట్టే హీరోది. వేరుశెనగ చేను ఎండిపోయి వలసపోయే రైతుకు ఆ అరనిమిషమూ లేదు. మన చెన్నేకొత్తపల్లి మండలంలోనే 1990లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు బీడు భూమిలో పని మొదలుపెట్టారు. ఇవాళ కొర్రలు, సామలు పండించే రైతులు 'ధరణి' సహకార సంఘం పెట్టుకుని తమ పంట తామే అమ్ముకుంటున్నారు. అందులో ఆ సినిమాల్లోలా సుమోలు గాల్లోకి లేవవు కదా, ఏ చానల్ చూపిస్తుంది?

బయటివాడి సంగతి సరే. మన కుర్రాళ్లే మీసం మెలేసి, వెనక సినిమా డైలాగు పెట్టి, 'సీమ బిడ్డ' అని రీల్స్ చేస్తున్నారు. ఎవరో గీసిన బొమ్మలోకి మనమే వెళ్లి నిలబడుతున్నాం. నాకు ఎక్కువ బాధ ఇదే. టీవీ అయితే ఊరందరికీ ఒకే సినిమా వేసేది. ఫోను అలా కాదు, మీరొకటి చూస్తే అలాంటివే పది తెచ్చి పెడుతుంది. వేరే సీమ ఉందన్న సంగతే మరుగున పడుతుంది.

తమ కథ తామే చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపేది పల్లెటూరి దళిత మహిళలు. తమ విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలోనే మాట్లాడుకుంటారు. ఏం చెప్పాలో నిర్ణయించేదీ వాళ్లే.

మీ జేబులో కెమెరా ఉంది, మైకు ఉంది. పండక్కి ఊరొచ్చినప్పుడు ధర్మవరంలో గుంటమగ్గం మీద కూర్చున్న అమ్మ దగ్గరికి, చేలో ఉన్న తాత దగ్గరికి వెళ్లండి. వాళ్లు ఏం చెప్పాలనుకుంటున్నారో ముందు అడగండి. ఆ తర్వాతే రికార్డు బటన్ నొక్కండి.