పైన తారు, కింద ఖాళీ: సింక్‌హోల్ ఎలా పుడుతుంది?

ఈ ఎపిసోడ్‌లో సింక్‌హోల్ గురించి మాట్లాడుకుందాం. అంటే, ఉన్నట్టుండి నేల కుంగిపోయి ఏర్పడే గొయ్యి.

2024 ఆగస్టు 23న మలేషియాలోని కౌలాలంపూర్‌లో, మస్జిద్ ఇండియా వీధిలో, మన కుప్పం నుంచి వెళ్లిన ఒకావిడ ఫుట్‌పాత్ మీద నడుస్తున్నారు. కాళ్ల కింద నేల ఒక్కసారిగా కుంగిపోయింది. 8 మీటర్ల లోతు గొయ్యి. అడుగున డ్రైనేజీ ప్రవాహం. తొమ్మిది రోజులు వెతికారు, ఆవిడ దొరకలేదు. వెతుకుతుండగానే అక్కడికి సుమారు 50 మీటర్ల దూరంలో ఇంకోచోట నేల కుంగింది.

ఇలాంటి వీడియో చూసి మనం "ఖర్మ" అనేసి స్క్రోల్ చేస్తాం. కానీ గొయ్యి ఒక్క క్షణంలో పుట్టదండి. కనబడేది మాత్రమే ఆ క్షణంలో.

మా వెల్దుర్తి, మాచర్ల వైపు సున్నపురాయి ఎవరికీ కొత్త కాదు. ఇంట్లో పరిచే నాపరాయి అదే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, ఆ రాయిని మెల్లగా కరిగిస్తుంది. గుత్తికొండ బిలం చూశారా? నీళ్లు తొలిచిన గుహే అది. కాకపోతే అలా తొలవడానికి వేల ఏళ్లు కావాలి. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో నేల కుంగింది కూడా సున్నపురాయి ఉన్న చోటే. బోర్లతో భూగర్భజలం బాగా లాగేస్తే పైమట్టికి కింద ఊతం తగ్గుతుంది. ఆపైన పెద్దవాన పడితే, ఇక చెప్పేదేముంది.

సిటీలో అన్నేళ్లు అక్కర్లేదు. పాత డ్రైనేజీ పైపు పగిలితే చాలు. వాన పడిన ప్రతిసారీ చుట్టూ ఉన్న మట్టి నీళ్లతోపాటు ఆ పగులులోకి జారి కొట్టుకుపోతుంది. పైన తారు మాత్రం గట్టిగానే ఉంటుంది. పొంగిన పూరీలాగా అన్నమాట: పైకి నిండుగా, లోపల ఖాళీ. ఏదో ఒకరోజు లారీ వెళ్తుంది, లేదా ఒక మనిషి అడుగు వేస్తారు.

అన్నట్టు, 2022 డిసెంబరు 23న హైదరాబాద్ గోషామహల్‌లో రోడ్డు కూలి కార్లు, తోపుడు బండ్లు పడిపోయాయి కదా, అది నాలా మీది కప్పు కూలడం. అసలు సింక్‌హోల్ కాదు. కానీ కింద పడేవాళ్లకి ఆ తేడాతో పనేముంది!

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, రోడ్డు కొంచెం దిగితే కంకర పోసి, పైన తారు పూసి వెళ్లిపోతారు. పైపు అలాగే ఉంటుంది. పోసిన కంకర కూడా కొన్నాళ్లకి అందులోకే పోతుంది.

మీ వీధిలో మ్యాన్‌హోల్ పక్కన రోడ్డు గిన్నెలా దిగినా, గుండ్రంగా బీటలు పడినా, నిలిచిన నీళ్లు ఉన్నట్టుండి ఇంకిపోయినా, కుళాయిలో బురదనీళ్లు వచ్చినా అనుమానించండి. దూరం నుంచే ఫొటో తీసి మున్సిపాలిటీకి పంపండి. "రోడ్డు బాగుచేయండి" అని కాకుండా "కింద పైపు చూడండి" అని రాయండి. గొయ్యి పడిపోయి ఉంటే 112కి ఫోన్ చేసి, బండ్లు రాకుండా రెండువైపులా దూరంగా ఆపండి. రీల్ కోసం అంచు దగ్గరికి మాత్రం వెళ్లకండి. మీరు నిలబడిన ఆ అంచు కింద కూడా మట్టి ఉండకపోవచ్చు.