బండి పొట్ట చూడండి



పాత కారు కొనే మాట రాగానే ఇంట్లో రంగు గురించీ, ఏసీ గురించీ, మీటరులో కిలోమీటర్ల గురించీ మాట్లాడుకుంటాం. కారు తిరగబోయే దారి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. పొలానికి పోయే డొంక, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్ల బాట, కాలువ గట్టు, వాగు మీద చప్టా, తారు లేచిపోయి కంకర తేలిన రోడ్డు. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే మనిషిని ఆసుపత్రికి చేర్చాల్సింది ఈ దారుల వెంటే. అలాంటి దారికి పాత బండి కొనేవాళ్ళు పైన మెరుపు కన్నా కింద పొట్ట చూసుకోవాలి. అది చూడడానికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా బేరానికి వెళ్ళి స్వయంగా చేసి చూడగల పరీక్షలే చాలా ఉన్నాయి.

ముందు దారి సంగతి చూద్దాం. ట్రాక్టర్లు తిరిగిన డొంకలో రెండు పక్కలా గాడి పడి నడుమ మట్టి గట్టు కడుతుంది. కారు చక్రాలు గాడిలోకి దిగితే పొట్ట ఆ గట్టుకు రాసుకుంటుంది. నేలకూ, బండి అడుగున అన్నిటికన్నా కిందికి ఉన్న భాగానికీ మధ్య ఎడాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. మారుతి ఆల్టోకు అది 160 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాల పైచిలుకు. బొలెరోకు 180, రెనో డస్టర్‌కు 205, జిప్సీకి 210. ఇవి ఖాళీగా ఉన్న కొత్త బండి లెక్కలు. అయిదుగురు ఎక్కి, డిక్కీలో రెండు బస్తాలు పడ్డాక బండి కిందికి దిగుతుంది. స్ప్రింగులు అలిసిపోయిన పాత బండయితే మరీ దిగుతుంది. అందుకే కాగితం మీద అంకెను నమ్ముకోకండి. బేరానికి వెళ్ళేటప్పుడు ఒక స్కేలు పట్టుకెళ్ళండి, ఇంట్లో వాళ్ళందరినీ ఎక్కించి కొలవండి.

ఆ అడుగున ఏముంటుందో తెలిస్తే ఈ కొలత ఎందుకో అర్థమవుతుంది. ఇంజన్ ఆయిలు నిలవ ఉండే తొట్టిని సంప్ అంటారు. అది ఇంజన్ అట్టడుగున ఉంటుంది. రాయి తగిలి దానికి చిల్లు పడితే ఆయిలంతా దారిలోనే కారిపోతుంది. ఎర్ర దీపం వెలిగినా పట్టించుకోకుండా ఊరు చేరుదామని నడిపితే కొద్ది నిమిషాల్లోనే బేరింగులు అరిగి ఇంజన్ పట్టేస్తుంది. కాబట్టి సంప్ మీద సొట్టలున్నాయా, దాని కింద కాపుగా ఇనుప రేకు ఉందా అని చూడాలి.

దీనికి బండిని మెకానిక్ షెడ్డులో గుంత మీదో, ర్యాంపు మీదో నిలబెట్టించండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి. బొలెరో, సుమో వంటి బండ్లకు కింద ఛాసిస్ ఉంటుంది. నిలువునా రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డ కమ్మీలు, ఆ పైన బాడీ. చిన్న కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు, రేకులన్నీ కలిపి అతికిన బాడీయే బరువు మోస్తుంది. గతుకుల దెబ్బకు ఛాసిస్ తట్టుకుంటుంది, కానీ కమాన్ పట్టీలు తగిలించే చోట పగుళ్ళిస్తుంది. అక్కడ టార్చిలైటు వేసి చూడండి. చుట్టూ పాత మట్టి ఉండగా ఒక్కచోట మాత్రం కొత్త నల్లరంగు పూసి ఉంటే, దాని కింద వెల్డింగు అతుకు ఉందేమోనని గోటితో గీకి చూడాల్సిందే. చిన్న కార్లలో ముందు చక్రాలకు శక్తిని చేరవేసే యాక్సిల్ కొనల్లో మడతలు మడతలుగా రబ్బరు తొడుగులుంటాయి. అవి చినిగితే లోపలి గ్రీజు కారిపోయి దుమ్ము చేరుతుంది. ఆ జాయింటు పోతే స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు టకటకమని చప్పుడొస్తుంది. రేడియో కట్టేసి, అద్దాలు దించి వినండి.

ఇక దుమ్ము. నా మటుకు నాకు పల్లె దారుల్లో ఇంజన్‌కు దీన్ని మించిన శత్రువు లేదు. మట్టి దారిలో లేచే ధూళిలో ఇసుక రేణువులుంటాయి. ఇంజన్ పోత పోసిన ఇనుము కన్నా అవి గట్టివి. ఇంజన్ పీల్చుకునే గాలిని ఎయిర్ ఫిల్టరు వడకడుతుంది. దాని డబ్బా క్లిప్పు ఒకటి విరిగినా, గొట్టం పగిలినా వడకట్టని గాలి లోపలికి పోయి సిలిండరు గోడల్నీ, పిస్టన్ రింగుల్నీ రోజుకింత అరగదీస్తుంది. ఇది తెలుసుకోవడానికి ఒక తెల్ల గుడ్డ చాలు. ఇంజన్ ఆపి ఉండగా, ఫిల్టరు దాటాక ఇంజన్ వైపు పోయే గొట్టాన్ని మెకానిక్ చేత విప్పించి, లోపల గుడ్డతో తుడవండి. అక్కడ గాలి వడకట్టి ఉండాలి కదా. గుడ్డకు ఎర్రమట్టి అంటితే ఆ ఇంజన్ చాలాకాలంగా మన్ను తింటున్నట్టే.

అరిగిన ఇంజన్ మరో విధంగా కూడా బయటపడుతుంది. బండి చూడ్డానికి వస్తున్నామనీ, ముందే స్టార్టు చేసి ఉంచవద్దనీ ఫోనులో చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే కారణం అడగండి, ఎందుకంటే చాలా జబ్బులు చల్లటి ఇంజన్ మీదే కనిపిస్తాయి. స్టార్టు చేశాక సైలెన్సరు నుంచి ఆగకుండా నీలిరంగు పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. ఇంజన్ తిరుగుతుండగా ఆయిలు పోసే మూతను మెకానిక్ చేత తీయించి, కాస్త ఎడంగా నిలబడి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు. గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తుంటే రింగులు అరిగి, మంట పుట్టే గదిలోని వాయువులు కిందికి దిగుతున్నాయన్నమాట. మూత లోపలి వైపు తెల్లటి జిగట నురగ కనిపిస్తే నీళ్ళు ఆయిలులో కలుస్తున్నాయేమో అనుమానించాలి. రెండూ ఖర్చుతో కూడిన రోగాలే.

డీజిలు బండి కొనేవాళ్ళు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 కాలుష్య ప్రమాణాల కొత్త బండ్లే అమ్ముతున్నారు. ఆ డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి నిండినప్పుడు బాగా వేడెక్కి దాన్ని తానే కాల్చేసుకుంటుంది. అంత వేడి రావాలంటే బండి హైవే మీద ఆగకుండా కొంతసేపు పోవాలి. రోజూ ఊరి నుంచి పొలానికి రెండు కిలోమీటర్లు, అదీ మొదటి రెండు గేర్లలో నడిచే బండికి ఆ అవకాశం రాదు. జల్లెడ పూడుకుపోతుంది, దీపం వెలుగుతుంది, బండి లాగదు. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిలు కొంత ఇంజన్ ఆయిలులోకి దిగి దాన్ని పలచన చేస్తుంది కూడా. ఇది తయారీ లోపం కాదు, మన వాడకానికీ దానికీ పొంతన లేకపోవడం. తిరుగుడంతా ఊళ్ళోనే అయితే పెట్రోలు బండి చూసుకోండి, లేదా బాగా చూసుకున్న బీఎస్-4 డీజిలు.

నాలుగు చక్రాలూ లాగే బండే కావాలా అని చాలామంది అడుగుతారు. చాలా ఇళ్ళకు అక్కర్లేదు. అయితే రెండు చక్రాలతో లాగే బండి బురదలో ఎందుకు ఇరుక్కుంటుందో తెలిసి ఉండాలి. మలుపులో బయటి చక్రం లోపలి దాని కన్నా ఎక్కువ దూరం తిరగాలి కనుక రెండింటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. అది రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. ఒక చక్రం బురదలో పట్టు తప్పి ఊరికే తిరిగితే, రెండోదానికీ అంతే అందుతుంది. అందుకే గట్టి నేల మీదున్న చక్రం కదలకుండా నిలబడిపోతుంది. బొలెరో వెనక చక్రాలతో లాగే బండి. ఖాళీగా ఉంటే వెనక బరువు తక్కువ కాబట్టి తడిసిన నల్లరేగడిలో జారుతుంది. చిన్న కార్లలో ఇంజన్ బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది కనుక అవి కొన్నిసార్లు తేలిగ్గా బయటపడతాయి, పొట్ట తగలనంత వరకు. పట్టు అంతా చివరికి టైర్లలో ఉంది. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గీతలు లోతుగా ఉన్నా పాతబడిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. సోకు కోసం సన్న టైర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించిన బండి వద్దు. టైరు గోడ ఎత్తుగా ఉంటేనే రాయి దెబ్బ రిమ్ము దాకా పోదు.

వరద బండ్ల గురించి గట్టిగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి తుడిచి దూరంగా అమ్మడం కష్టమేమీ కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చుట్టలో దాగిన భాగం మీద మట్టి చార ఉంటే ఇక చూడనక్కర్లేదు. స్టెప్నీ ఎత్తి ఆ గుంతలో వేలితో తడమండి, సన్నటి ఒండ్రు ఉందేమో. సీట్ల కింద పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి. అద్దాలన్నీ మూసి కాసేపు కూర్చోండి, ముక్క వాసన వస్తుందేమో. సెంటు మరీ ఘాటుగా కొట్టి ఉంటే అదీ అనుమానించాల్సిందే. నీళ్ళు పట్టిన వైర్లు వెంటనే చెడవు, నెలల తర్వాత ఒకటొకటిగా మొరాయిస్తాయి.

ఏ బండి అంటారా? బరువులు మోయాలి, దారి మరీ అధ్వానం అంటే నేను బొలెరోకే ఓటేస్తాను. కుదుపు ఎక్కువే, కానీ 2000 సంవత్సరం నుంచి వస్తున్న బండి కావడంతో దాన్ని విప్పి బిగించగల చేతులు చిన్న ఊళ్ళలోనూ ఉన్నాయి. సుమో 2019లో ఆగిపోయింది. దాని సామాను మీకు దగ్గరలో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే చెయ్యి పెట్టండి. నలుగురే, దారి ఓ మోస్తరు అంటే ఆల్టో, వ్యాగన్ ఆర్ చాలు. డస్టర్ గతుకుల మీద హాయిగా పోతుంది, కానీ అది బాగుచేయగలిగే షెడ్డు ఎంత దూరమో ముందే లెక్క వేసుకోండి.

కాగితాల్లో ఛాసిస్ నెంబరు బండి మీదున్న దానితో సరిపోవాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఫైనాన్సు తీరి ఉంటే 35, పక్క రాష్ట్రం బండయితే ఎన్‌ఓసీ తప్పవు. పదిహేనేళ్ళు నిండిన బండికి ఫిట్‌నెస్ చూపించి ఆర్.సి. పొడిగించుకోవాలి.

ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు, ఎయిర్ ఫిల్టరు అన్నీ మార్పించండి. పాతాయన మొన్ననే మార్పించానని చెప్పినా సరే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే, మార్చినట్టు రసీదు లేకపోతే అదీ కొత్తది వేయించండి. ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకుని, మిగిలిన డబ్బుతోనే బేరమాడండి.