మోకాలు చెడిన మొనగాడు



వయస్సు మీరిన ఆటగాడొకడు. విద్యలో వానికి సాటివచ్చువారు అరుదు. కాని వాని మోకాలు ఎన్నడు మొరాయించునో ఎవరును చెప్పజాలరు. అట్టివానిని ఒక ఫుట్‌బాలు జట్టు జీతమిచ్చి చేర్చుకొనవచ్చునా, కూడదా? ఈ పూట నేను విచారింపదలచిన విషయ మిది. “బంతిని తన్నుకొను కుర్రవాండ్ర గొడవ మాకెందుకయ్యా?” అని మీలో కొందరు పెద్దలు అనవచ్చును. సంతలో ఎద్దు పళ్లు చూచి, గిట్ట ఎత్తి చూచి, నాలుగడుగులు నడిపించి గాని సొమ్ముమూట విప్పనివారు మీరు. ఈ ప్రశ్నకు మీకంటె తగిన న్యాయాధిపతులు వేరెవ్వరు? ఐతే ఎద్దు తన మాట తాను చెప్పుకొనలేదు. మనుష్యుడు చెప్పుకొనును, ఒక్కొక్కప్పుడు తనతో తానే అబద్ధమును చెప్పుకొనును. ఈ భేదమును మాత్రము మనస్సునం దుంచుకొని వినుడు.

ఇటలీ దేశపు ఉత్తరభాగమున బ్రెషా అను పట్టణము కలదు. ఆ ఊరి జట్టు 2000 సంవత్సరమున రెండవ తరగతినుండి మొదటి తరగతికి ఎక్కెను. ఆ మొదటి తరగతిని సీరీ ఏ అందురు. అప్పటి నియమము ప్రకారము అందు 18 జట్లు. ఒక్కొక్క జట్టు ఏడాదికి 34 ఆటలు ఆడవలెను. కడపట అడుగున మిగిలిన నాలుగు జట్లు క్రింది తరగతికి దిగిపోవలెను. దిగిపోవుట యనగా పరువు మాత్రమే పోవుట కాదు. టికెట్ల రాబడి తగ్గును, ప్రసారహక్కులవలన వచ్చు సొమ్ము తగ్గును, మంచి ఆటగాండ్రు వేరుచోట్లకు పోవుదురు. మరల పైకెక్కుట ఏండ్ల పని. చిన్న ఊరి జట్టునకు ఇది వానలు లేని ఏటివంటిది.

ఆ వేసవిలో రాబర్టో బాజ్జో అను ప్రసిద్ధ ఆటగాడు ఏ జట్టునందును లేక ఖాళీగా ఉండెను. అతడు 1967లో పుట్టినవాడు. అప్పటికి 33 ఏండ్లు. మన లెక్కలో ముప్పదిమూడేండ్లవాడు పడుచువాడే. పచ్చిక మైదానముమీద మాత్రము అది తాతల వయస్సు. 1993లో ఐరోపా ఖండమున అగ్రశ్రేణి ఆటగాడుగా బంగారు బంతి బహుమానమును పొందినవాడతడు. 1994లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీలలో ఇటలీని కడపటి ఆటదాక తెచ్చినవాడును అతడే. బ్రెజిలుతో ఆడిన ఆ ఆటలో చివరి పెనాల్టీని గోలు కమ్మిమీదుగా ఆకాశమునకు తన్ని తలవంచుకొని నిలిచినవాడును అతడే. తరువాత మిలాను నగరపు ఇంటర్ జట్టులో రెండేండ్లుండెను. 2000 మే 23న పార్మా జట్టుతో జరిగిన నిర్ణాయకమైన ఆటలో రెండు గోలులు చేసి ఆ జట్టు మానమును నిలిపెను. ఐనను ఒప్పందము ముగియగా బయటికి రావలసివచ్చెను. 2002 ప్రపంచ పోటీలకు దేశపు జట్టులో మరల చోటు సంపాదింపవలెనని అతని ఆశ. అందుకు స్వదేశమునందే ఆడవలెనని అతని పట్టు.

ఇక ఆ మోకాలి కథ కొంచెము వెనుకకు పోయి చెప్పవలెను. 1985 మే నెలలో బాజ్జో పదునెనిమిదేండ్ల కుర్రవాడు. విచెంజా అను చిన్న జట్టున ఆడుచుండెను. ఫ్లారెన్సు నగరపు ఫియొరెంటీనా జట్టు అతనిని కొనుటకు మాట నిశ్చయించుకొన్నది. ఒక్క రెండు దినములు గడచినవో లేదో, రిమినీ జట్టుతో ఆడుచుండగా కుడిమోకాటిలోని స్నాయువు తెగెను. తొడయెముకను పిక్కయెముకతో కట్టియుంచు పగ్గము వంటిది ఆ స్నాయువు. విరిగిన ఎముక కట్టు కట్టిన అతుకుకొనును. తెగిన ఆ పగ్గము తనంత తాను అతుకుకొనదు. శరీరములోనే వేరొకచోటినుండి నరము తీసి అక్కడ బిగింపవలెను. ఫ్రాన్సు దేశమున శస్త్రచికిత్స చేసిరి. 220 కుట్లు పడినవని చెప్పుదురు. కొనినవారు అప్పుడే “మేము బేరము మానుకొంటిమి” అనవచ్చును. ఫియొరెంటీనా వారు అనలేదు. మాట నిలుపుకొనిరి, వైద్యము చేయించిరి, కనిపెట్టుకొని యుండిరి. మరుసటి ఏడు మోకాలు మరల దెబ్బతినెను, అప్పటికిని వదలిపెట్టలేదు. 1987 మే నెలలో గాని అతడు ఆ తరగతిలో తన మొదటి గోలు చేయలేదు. 1990లో అతనిని యువెంటస్ జట్టునకు అమ్మినప్పుడు, నాటివరకు ప్రపంచమున ఏ ఆటగానికిని పలుకని వెల పలికెను. ఫ్లారెన్సు జనులు కోపము పట్టలేక వీధులలో అల్లరి చేసిరి.

కాని పదునెనిమిదేండ్లవాని కొరకు రెండేండ్లు కనిపెట్టుట వేరు, ముప్పదిమూడేండ్లవానిని పిలుచుట వేరు. మొదటిది మొక్కకు నీరు పోయుట. రెండవదానిలో కనిపెట్టుటకు కాలమే లేదు. ఒకసారి దెబ్బతిన్న చోటనే మరల దెబ్బ తగులుట ఎక్కువయని వైద్యులును చెప్పుచున్నారు. వయస్సు మీరినకొలది ఆ భయము పెరుగును. ఇన్ని తెలిసియు బ్రెషా జట్టు అధ్యక్షుడు లుయీజీ కోరియోనీ, శిక్షకుడైన కార్లో మత్సోనే, బాజ్జోను చేర్చుకొనిరి. మత్సోనే అప్పటికి అరువది దాటిన పెద్దమనిషి, నోటికి వచ్చినది దాచుకొనని స్వభావము. ఆటగాని చుట్టును ఆటను అమర్చుటకు ఒప్పుకొన్నవాడు అతడు. ఈ సంగతి ముఖ్యము. గొప్పవానిని తెచ్చి, వానికి సరిపడని పని అప్పగించి, తరువాత వాని పేరు చెడగొట్టు జట్లు ఎన్నియో కలవు.

లెక్క చూతము. బాజ్జో అక్కడ నాలుగేండ్లుండెను. నాలుగేండ్లలో లీగు ఆటలు 136. అతడు ఆడినవి 95. తక్కిన 41 ఆటలకు లేడు. కూలికి వచ్చినవాడు పది దినములలో మూడు దినములు రాకపోయిన మనము వానిని ఉంచుకొందుమా? ఉంచుకొనము. కాని ఆ 95 ఆటలలో అతడు చేసిన గోలులు 45. రెండవ ఏట ఆడినవి పండ్రెండే ఆటలు, గోలులు పదునొకండు. హాజరు పట్టీ చూచి తీర్పు చెప్పువానికిని, పంట చూచి తీర్పు చెప్పువానికిని ఇక్కడ పొత్తు కుదరదు. నేను పంట చూచువారి పక్షము. ఐనను హాజరు పట్టీని చించివేయుమనను, ఏలయన అతడు లేని దినమున జట్టు ఎట్లు ఆడవలెనో ముందే ఏర్పాటు చేసికొనకున్న ఆ 41 ఆటలు కొంప ముంచును.

ముసలివాడు వచ్చిన పడుచువాని చోటు పోవునను ఆక్షేపణ యొకటి కలదు. ఇది న్యాయమైన ఆక్షేపణయే. 2001 జనవరిలో ఆంద్రేయా పిర్లో అను ఆ ప్రాంతపు కుర్రవాడే ఇంటర్ నుండి ఎరువుగా బ్రెషాకు వచ్చెను. అతడు ఆడగోరిన చోటు బాజ్జోదే. మత్సోనే ఏమి చేసెను? కుర్రవానిని వెనుకకు దింపి, రక్షకుల ముందు నిలిపి, అక్కడినుండి బంతిని పంచుమనెను. ఆ ఏప్రిలులో టూరిను నగరమున యువెంటస్ జట్టుతో ఆడుచుండగా పిర్లో దూరమునుండి ఎగురవేసిన బంతిని బాజ్జో పరుగున పోయి కాలి మొనతో దించుకొని, గోలు కాయువానిని దాటి లోపల వేసెను. ఆ వెనుకటి చోటే పిర్లో జీవితమునకు సరియైన చోటయ్యెను; 2006లో ఇటలీ ప్రపంచ విజేత ఐనప్పుడు జట్టునకు నడుము అతడే. చోటు లేకపోవుట ఒక్కొక్కప్పుడు మేలే చేయును. అన్నిచోట్ల ఇట్లే జరుగునని నేను మాట ఇయ్యజాలను. మత్సోనే వంటి కన్ను అందరికి ఉండదు.

2002 జనవరి చివర మరల కీడు మూడెను. ఈసారి ఎడమమోకాలు. తెగిన స్నాయువు బాగుపడుటకు సామాన్యముగా ఆరునెలలకు పైగా పట్టును. బాజ్జో రెండున్నర నెలలకే మైదానమునకు వచ్చెను. ఏప్రిలు 21న, తన పాత జట్టైన ఫియొరెంటీనాపైననే, కొంతసేపటికి లోపలికి దిగి రెండు గోలులు చేసెను. మే నెలలో కడపటి ఆటనాడు బొలోన్యా జట్టును గెలిచి బ్రెషా దిగిపోకుండ నిలిచెను. ఊరంతయు పండుగ చేసికొన్నది. అందరు మెచ్చుకొను ఈ ఘట్టమే నాకు మిక్కిలి గుబులు పుట్టించును. అంత తొందరగా రమ్మని అతనిని ఎవరును బలవంతపెట్టలేదనియే అనుకొందము. ప్రపంచ పోటీల ఆశయే తరిమినది. కాని ఆశతో కుంటుచు పరుగెత్తువానిని ఆపవలసిన బాధ్యత, వాని గోలులవలన లాభపడువారిది కాదా? ఆ ఆశయు తీరలేదు. శిక్షకుడు త్రపత్తోనీ అతనిని ప్రపంచ పోటీలకు తీసికొనిపోలేదు.

ఇంగ్లండు దేశమున మైకేల్ ఓవెన్ కథయు చెప్పవలెను. 1999లో పందొమ్మిదేండ్ల ప్రాయముననే అతని తొడ వెనుక కండ తెగెను. ఐనను 2001లో బంగారు బంతి పొందెను. 2005లో న్యూకాసిల్ జట్టువారు కోటిన్నరకు పైగా పౌనులు పోసి అతనిని కొనిరి. కాలియెముక విరుగుట, 2006 ప్రపంచ పోటీలలో స్వీడనుతో ఆట మొదలైన నిమిషములోనే మోకాలు పోవుట, ఇట్లు నాలుగేండ్లు గడచెను. 152 లీగు ఆటలలో అతడు ఆడినవి 71. 2009లో ఆ జట్టు క్రింది తరగతికి దిగెను. అదే వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు అదే మనుష్యుని వెల యేమియు లేక, ఆడిన ఆటలనుబట్టి సొమ్ము ముట్టు ఒప్పందముపై తీసికొన్నది. సెప్టెంబరులో ఊరిలోని ప్రత్యర్థి జట్టుపై, కాలము మీరిపోయిన తరువాతి నిమిషములలో, అతడు గెలుపు గోలు చేసెను. 2010 ఫిబ్రవరి 28న లీగు కప్పు కడపటి ఆటలో గోలు చేసి, ఆ ఆటలోనే తొడకండ పట్టుకొని బయటికి నడిచెను. ఆ ఏటికి అంతటితో సరి. మూడేండ్లలో మొత్తము 52 ఆటలు, 17 గోలులు. న్యూకాసిల్‌కు బరువైన మనుష్యుడు మాంచెస్టరునకు బరువు కాలేదు. కాలు అదే, బేరము వేరు.

దెబ్బతిన్నవానిని నమ్ముటలో మన హైదరాబాదు పేరు చెప్పక విడువరాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అను హైదరాబాదు ఉపాధ్యాయుడు 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టునకు శిక్షకుడు. జర్నేల్ సింగ్ అను రక్షకునికి థాయిలాండుతో ఆటలో తల పగిలి కుట్లు పడెను. రహీం అతనిని కూర్చుండబెట్టలేదు, ముందువరుసలో నిలిపెను. అతడు సెమీఫైనలులోను ఫైనలులోను చెరియొక గోలు చేయగా దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకము తెచ్చిరి. అది కొన్ని దినముల పోటీ, శిక్షకుడు ఆటగానిని దినదినము కన్నులార చూచుచుండెను. ఏండ్ల ఒప్పందమునకు దానిని ఉపమానముగా తేరాదు. తల దెబ్బ విషయమున నేటి వైద్యులు అట్లు ఒప్పుకొనరు కూడ.

నన్నడిగిన నేనిట్లు చెప్పుదును. దిగిపోవు భయముతో నున్న చిన్న జట్టు, వెల పెట్టక దొరకినప్పుడు, ఏడాదికొకసారి ఒప్పందమును తిరుగ వ్రాసికొనుచు, అట్టివానిని చేర్చుకొనవచ్చును. ధనమంతయు ఒక్కని కాలిపై పోయవలసివచ్చినచో చేర్చుకొనరాదు. మైదానమున దిగవచ్చునో లేదో చెప్పు అధికారము జట్టు జీతము తినని వైద్యునికి ఉండవలెను. ఆ చివరి మాటను ఏ జట్టును సులభముగా ఒప్పుకొనదని నే నెరుగుదును.

బాజ్జో తన చివరి ఆటను 2004 మే 16న మిలాను నగరపు మైదానమున ఆడెను. ఆట ముగియవచ్చు సమయమున అతనిని బయటికి పిలువగా, ప్రత్యర్థి జట్టు నాయకుడు మాల్దీనీ వచ్చి కౌగిలించుకొనెను. నిండు మైదానము లేచి నిలిచెను. అతడు తొడిగిన పదవ సంఖ్య చొక్కాను బ్రెషావారు అటుపై దాచియుంచిరి. అతడున్న నాలుగేండ్లును ఆ జట్టు మొదటి తరగతిలోనే నిలిచెను. మరుసటి ఏడు, 2005లో, దిగిపోయెను.