మీటరు లెక్క, ఊపిరి లెక్క
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



పండుగనాడు జబ్బుల ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. కాని 2021లో కోవిడు విజృంభించిన నాటి నుండి ఆక్సిజను పరికరాలు ఆస్పత్రి గడప దాటి మన ఇండ్లలోనికి కూడ వచ్చినవి. పెద్దవారికి గొట్టము తగిలించి, మీటరులో అంకె చూచుకొని, "రెండు లీటర్లు అందుతున్నది" అని మనము నిశ్చింతగా ఉంటాము. మీటరు చెప్పే లెక్క ఒకటి, ఊపిరికి అందే లెక్క మరొకటి. ఈ తేడా తెలియకపోతే మన ప్రేమే రోగికి కీడు చేయవచ్చును.

ఈ ఉదయము మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. బెల్లము ఎంత వేసినామన్న దానితోనే తీపి తేలదు గదా! చింతపండు పులుసు ఎంత పోసినామో కూడ చూడవలెను. ఆక్సిజను సంగతీ అంతే. అది ఎంత గది గాలితో కలిసి లోపలికి పోతున్నదన్నదే ముఖ్యము.

గది గాలిలో ఆక్సిజను నూటికి 21 పాళ్లు. నెమ్మదిగా కూర్చున్న మనిషి గాలి పీల్చేటప్పుడు ఆ వేగము నిముషానికి సుమారు 30 లీటర్ల వరకు ఉంటుంది. ముక్కు గొట్టము ద్వారా వచ్చేది 2 లీటర్లు అనుకొందాము. మిగిలిన 28 లీటర్లు గది గాలే. లెక్క కడితే ఆ మిశ్రమములో ఆక్సిజను సుమారు 26 పాళ్లు. అదే మనిషి ఆయాసముతో 60 లీటర్ల వేగముతో పీలిస్తే, 2 లీటర్లకు 58 లీటర్ల గది గాలి కలుస్తుంది. ఆక్సిజను 24 పాళ్లకు దిగిపోతుంది. మీటరులో అంకె మారలేదు. జబ్బు హెచ్చినకొద్దీ అందేది తగ్గినది! ముక్కులో నిలిచియుండే ఆక్సిజను వలన ఈ అంకెలు కొంచెము అటూ ఇటూ కావచ్చును గాని, సూత్రము ఇదే.

ఇక పరికరాలు చూద్దాము. ముక్కు గొట్టము 1 నుండి 6 లీటర్ల వరకు పనికివస్తుంది. అది ఉండగానే తినవచ్చును, మాట్లాడవచ్చును. సాదా మాస్కుకు 5 నుండి 10 లీటర్లు కావలెను. క్రింద సంచి వ్రేలాడే మాస్కుకు 10 నుండి 15 లీటర్లు కావలెను. అది ముఖానికి బాగుగా అతుక్కొని, ఊపిరి పీల్చినప్పుడు కూడ సంచి ఉబ్బియుంటే 60 నుండి 90 పాళ్ల దాక అందించగలదు. ఇండ్లలో వాడే యంత్రాలు చాలవరకు 5 లీటర్లకు మించి ఈయవు. వాటికి ఈ సంచి మాస్కు తగిలించుట ప్రమాదము.

2021లో నాకు తెలిసిన ఒక ఇంట జరిగినది చెప్తాను. అవి సిలిండర్లు దొరకని రోజులు. తండ్రికి సాదా మాస్కు పెట్టి, గ్యాసు పొదుపు చేయవలెనని కుమారుడు మీటరును 2 లీటర్లకు తిప్పినాడు. పాపము, అతని ఉద్దేశము మంచిదే. కాని 5 లీటర్లకు తక్కువైతే, విడిచిన గాలి మాస్కులోనే నిలిచిపోతుంది. రోగి తన బొగ్గుపులుసు వాయువునే మళ్లీ పీలుస్తాడు. పెద్దాయనకు మగత కమ్మినది. చూడవచ్చిన నర్సు మాస్కు తీసి, అదే 2 లీటర్లకు ముక్కు గొట్టము పెట్టి, వైద్యునికి ఫోను చేసినది. కొంతసేపటికి ఆయన తేరుకొన్నారు. గ్యాసు ఒక్క లీటరు కూడ హెచ్చలేదు. మారినది పరికరము మాత్రమే.

తక్కువైతే కీడు సరే, ఎక్కువైతే మంచిదేనా? కాదు. ఏండ్ల తరబడి చుట్ట, సిగరెట్టు, కట్టెల పొయ్యి పొగలతో ఊపిరితిత్తులు చెడినవారిలో కొందరికి ఆక్సిజను ఎక్కువైతే రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొంటుంది. ఆస్ట్రేలియాలోని తస్మానియాలో జరిగిన ఒక పరిశీలన 2010లో వెలువడినది. ఇట్టి జబ్బు ఉన్నదని తోచి అంబులెన్సులో తీసుకొనిపోయినవారిలో, ధారాళముగా ఆక్సిజను పొందినవారు నూటికి 9 మంది, కొలతగా పొందినవారు నూటికి నలుగురు మరణించినారు. అందుకే ఇట్టివారికి ఆక్సీమీటరులో 88 నుండి 92 వరకు చాలునని వైద్యులంటారు. 99 చూచి సంతోషించరాదు. వేలికి పెట్టే ఆ పరికరము బొగ్గుపులుసు వాయువును చూపదు.

ఇట్టివారి కొరకే బ్రిటిషు వైద్యుడు మోరన్ కాంబెల్ 1960లో వెంచురీ మాస్కు పద్ధతిని ప్రకటించినాడు. ఇందులో సన్నని రంధ్రము గుండా చిమ్మే ఆక్సిజను, ప్రక్క కన్నాల నుండి గది గాలిని ఒక నియమిత పాలులో లాగుకొంటుంది. 24 పాళ్ల మాస్కులో 2 లీటర్ల ఆక్సిజనుకు సుమారు 50 లీటర్ల గాలి కలుస్తుంది. రోగి పీల్చేదానికి సాధారణముగా ఇది చాలును గనుక, అతని ఊపిరిని బట్టి పాలు అంతగా మారదు.

చివరకు మన సంగతి. ఇక్కడి ఆస్పత్రిలో సూచనలు ఇంగ్లీషులోనో, ఇక్కడి భాషలోనో ఇస్తారు. మన పెద్దలలో కొందరికి ఆ లిపి రాదు. పిల్లలలో చాలమందికి తెలుగు లిపి రాదు. కనుక పిల్లవాడు చదివి చెప్పగా అమ్మ తెలుగులో వ్రాసి మంచము ప్రక్క గోడకు అంటించవలెను: ఏ పరికరము, ఎన్ని లీటర్లు, ఆక్సీమీటరులో ఎంత నుండి ఎంత వరకు, ఎప్పుడు వైద్యుని పిలువవలెను. ఈ నాలుగు చాలును. వైద్యుని అడుగక మీటరు తిప్పవద్దు, మాస్కు మార్చవద్దు. ఆక్సిజను ఉన్న గదిలో దీపము, అగరువత్తి, కర్పూరము, చుట్ట ఏవీ కూడవు.

ఈ నూతన సంవత్సరములో మన ఇండ్లలోని పెద్దలందరు హాయిగా ఊపిరి పీల్చుకొందురు గాక! సెలవు.