సీమంతం నాడు అడగవలసిన మాట



గుడివాడలో గానీ బందరులో గానీ ఇరుగుపొరుగున సీమంతమంటే మనం తప్పకుండా వెళ్తాం. అమ్మాయికి గాజులు తొడుగుతాం, పసుపు రాస్తాం, చలిమిడి ఒళ్ళో పెడతాం. "కాన్పు పుట్టింట్లోనేనా?" అని అడుగుతాం. "రక్తపరీక్ష చేయించావుటమ్మా? మీ ఆయన కూడా చేయించుకున్నారా?" అని మాత్రం ఒక్కరమూ అడగం. ఏమనుకుంటారో అని బెదురు. ఈవేళ ఆ అడగని మాట గురించే మీతో మాట్లాడదామని వచ్చాను.

ఆలుమగల కలయిక వల్ల ఒకరినుంచి ఒకరికి సోకే వైరస్‌లలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసినవి మూడు. ఎయిడ్స్‌కు మూలమైన హెచ్.ఐ.వి. ఒకటి. లివరును పాడుచేసే హెపటైటిస్-బి రెండోది. గర్భసంచి ముఖద్వారానికి కాన్సరు తెచ్చిపెట్టే హెచ్.పి.వి. మూడోది. మూడింటి గుణమూ ఒకటే. వచ్చినట్టు తెలియదు. మనిషి ఏళ్ళ తరబడి నిక్షేపంలా ఉంటాడు, వేళకు భోంచేస్తాడు, పనికి వెళ్ళొస్తాడు.

దివిసీమ వారికి కరకట్ట సంగతి నేను చెప్పాలా? పైకి గట్టిగానే కనిపిస్తుంది. లోపల ఒక్క ఎలుక బొరియ చాలు, వరదొచ్చిన రాత్రి గండి పడడానికి. ఆ బొరియను ఎండ రోజుల్లోనే వెతికి పూడ్చుకోవాలి. రక్తపరీక్ష చేసే పని అదే.

"మాది సంసారుల కొంప, మాకెందుకండీ ఈ గొడవ?" అనకండి. 2021 అంచనాల ప్రకారం మన రాష్ట్రంలో పెద్దవాళ్ళలో ఇంచుమించు 150 మందికి ఒకరికి హెచ్.ఐ.వి. ఉంది. కలయిక వల్లే కాదు, శుభ్రంలేని సూదుల వల్లా, పరీక్షించని రక్తం ఎక్కించడం వల్లా కూడా రావచ్చు. జబ్బు ఉన్నదీ లేనిదీ చీటీ చెబుతుంది గానీ, ఎవరి నడత ఎలాంటిదో చెప్పదు.

ఇక్కడే ఆడదానికి అన్యాయం జరిగేది. కడుపుతో ఉంది కనుక పరీక్ష ముందు ఆమెకే చేస్తారు. ఆమెకు ముందు బయటపడింది కనుక ఆమే తెచ్చిందంటారు. ఆమెకు భర్త నుంచే వచ్చి ఉండవచ్చునని ఎవరూ ఆలోచించరు. అందుకనే నేను చెప్పేది, మొదటి మూడు నెలల్లోనే ఇద్దరూ కలిసి వెళ్ళండి. "ఏవండీ, పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరం రక్తం ఇచ్చి వద్దాం" అంటే కాదనే మగవాడు తక్కువ. అత్తగార్లు ఈ మాట కొడుకుతో అంటే మరీ మంచిది.

సర్కారు ఆసుపత్రుల పరీక్షా కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్షకు పైసా తీసుకోరు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సందేహముంటే 1097కు ఫోను చేసి అడగవచ్చు. సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు. అనుమానముంటే మూడు నెలలయ్యాక మళ్ళీ చేయించుకోవాలి.

ఉందని తేలితే లోకం మునిగిపోదమ్మా. మందు లేకుండా ఉంటే హెచ్.ఐ.వి. తల్లుల బిడ్డల్లో నూటికి 15 నుంచి 45 మందికి సోకుతుంది. మందులు వాడితే 5 లోపుకి దిగుతుంది. 2004 నుంచి ఆ మందులు సర్కారు ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థితికి వస్తే, ఆ స్థితి నిలిచినంత కాలం కలయిక వల్ల ఎదుటివారికి సోకదు. ఒకే కంచంలో తిన్నా, చెయ్యి పట్టుకున్నా రాదు. కనుక ఆ మనిషిని వేరుగా కూర్చోబెట్టకండి.

హెపటైటిస్-బి పుట్టుకతో సోకితే నూటికి 90 మంది పిల్లల్లో అది ఉండిపోతుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి. ఆ టీకాను 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, ధర సామాన్యులకు అందేట్టు చేసింది. పెద్దవాళ్ళూ వేయించుకోవచ్చు. హెచ్.పి.వి. టీకా ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించడం మంచిది. మనకు 30 దాటితే ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

నిరోధ్ మాటెత్తితే ముఖం తిప్పుకోకండి. బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసమే కాదు, ఈ జబ్బులు సోకే ప్రమాదం తగ్గించడానికీ అదే సాధనం.

ఈసారి సీమంతానికి వెళ్ళినప్పుడు గాజులు తొడుగుతూ ఆ అమ్మాయి చెవిలో మెల్లగా అడగండి, "ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారా తల్లీ?" అని. గట్టిగా అననక్కర్లేదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే ఆ పిల్లకు ధైర్యం.