పేరుకు ముందు వ్రాసిన మాట



1937 వేసవిలో ఈ కొత్తపట్నమునందే యువకులు అర్థశాస్త్రమును, రాజకీయములను అభ్యసించుటకు పాఠశాల నడుపబూనగా నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. నిషేధము లేని నేడును వలసలవంటి విషయములను మనము చర్చింపలేకపోవుచున్నామే యన్నది నా దిగులు.

నేను పత్రికలో చేరిన క్రొత్తలో, 1972 అక్టోబరు 3న, తెలంగాణ ఉద్యోగములను స్థానికులకే కేటాయించు ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా ఆంధ్రప్రాంతమంతయు జై ఆంధ్ర నినాదముతో అట్టుడికెను. పదునైదేండ్లు నివసించినవాడే స్థానికుడనుట న్యాయమా? వచ్చినవారు ఉద్యోగములన్నియు పొందినచో ఉన్నవారి గతియేమి? రెండును అడుగదగిన ప్రశ్నలే. నేను నినాదములకు పెద్ద శీర్షికలు కట్టి, ఆ ప్రశ్నలను నాలుగు పంక్తులలో ముగించితిని. ఆ తప్పు నాది.

2019 ఏప్రిల్ 11 పోలింగునకు కొలది దినముల ముందు, గుంటూరు పల్లెలోని మిరప కళ్ళమున ఆదోని వైపునుండి కూలికి వచ్చిన ఒక తల్లిని పలుకరించితిని. ఘాటుకు మండుచున్న వ్రేళ్ళను మజ్జిగలో ముంచుకొనుచు ఆమె, "ఓటేయనీకి ఊరికి పోతే మూడు దినాల కూలి పోతాది సామీ" అనెను. వలసలనుగూర్చి ఊరూరా వాదులాడుకొను ఎన్నికలలో వలసవచ్చిన మనిషికే ఓటు కూలినష్టమైనది!

పట్టాలందుకొన్న నాయనలారా, అమ్మలారా! వలసకూలీలు మన పని కొల్లగొట్టుచున్నారని ఒకడు, వారి రాకవలన ఇక్కడి కూలీకి ఏ బాధయు లేదని మరొకడు పంపిన సందేశములను చదువకయే పదిమందికి పంపుదురే, ఇందుకా మీ అమ్మానాన్నలు అప్పుచేసి చదివించినది? కూలిరేట్లు పడిపోయెనని మన ఊరి కూలి చెప్పినచో, అదియు వినవలసినదే. నిజాంసాగరు క్రింద సేద్యమునకు తరలిపోయిన మన గుంటూరు రైతుల మనుమలను నేటికిని సెట్లర్లని పిలిచినపుడు మీకు మనసు చివుక్కుమనదా?

రేపు మీలో ఎందరో హైదరాబాదుకో, బెంగుళూరుకో, సముద్రములు దాటియో పోవుదురు. అక్కడ మీరే వచ్చినవారగుదురు.

మిరప కళ్ళమునకు పోయిన నాటి నా నోటుపుస్తకము నేటికిని దాచితిని. అందులో ఆ తల్లి పేరడుగుటకు ముందే 'వలసకూలి' అని వ్రాసికొంటిని. మీరు మొదట పేరడుగుడు.