పెట్టెలో ఏముంది?

వాక్యభాగము: మత్తయి సువార్త 25:1-13



మీలో మోటారు సైకిలు నడిపేవారు చాలామంది ఉంటారు. మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీ బండి పక్కపెట్టెలో ఏముంది?

పాత బజాజ్ చేతక్ స్కూటరుకు స్టెప్నీ ఉండేది. పంక్చరైతే ఆ చక్రం బిగించుకొని వెళ్ళిపోయేవారు. మోటారు సైకిలుకు ఆ సౌకర్యం లేదు. అందుకే సామాను మనమే మోసుకొని పోవాలి. చక్రం నట్టుకు సరిపోయే పానా, టైరు అంచు లేపే లివర్లు రెండు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, చేతి పంపు. ఇప్పుడు చాలా బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు వస్తున్నాయి. వాటికి రబ్బరు తాడు దూర్చి గాలి కొడితే చాలు. అయినా ఆ తాడు, ఆ పంపు వెంట ఉండాలి గదా!

నంద్యాలలో పరిచర్య చేసే రోజుల్లో గిద్దలూరు దగ్గర ఒక పల్లె నుండి నాకు కబురు వచ్చింది. సంఘంలోని పెద్దావిడ ఒకామె చివరి ఘడియల్లో ఉన్నది. ప్రభు బల్లలో పాలుపొందాలని అడుగుతున్నది. సాయంత్రం బయలుదేరాను. గాజులపల్లె దాటితే నల్లమల అడవి. మలుపుల దారిలో వెనుక చక్రం పక్కకు ఈడ్చసాగింది. దిగి చూస్తే టైరులో గాలి లేదు.

పెట్టె తెరిచాను. సామాను లేదు. ఆ వారమే తీసి ఇంట్లో పెట్టాను. ఎందుకో తెలుసా? ఉజ్జీవ కూటముల కరపత్రాలకు చోటు చాలలేదని! కరపత్రాలు మంచివే. కాని వాటితో టైరు ఊడదు.

బండి తోసుకుంటూ నడిచాను. పాత టైరు వేలాడదీసిన పంక్చరు షాపు ఆ అడవిలో ఎక్కడ ఉంటుంది? గంట గడిచింది. చీకటి పడింది. అప్పుడు ఒక యువకుడు బండి ఆపి, "ఏమైంది సార్?" అన్నాడు. గుడ్డలో చుట్టిన సామాను తీశాడు. ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకొని రంధ్రం కనిపెట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ఆగాడు. నేను తొందరపెట్టాను. "తడి ఆరకుండా వేస్తే నిలవదు సార్" అన్నాడు. తరువాత టైరు లోపల వేళ్ళతో తడిమి, మేకును బయటికి తీశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఒకసారి నేనూ ఇట్లాగే తోసుకుంటూ పోయినాను సార్. అప్పటి నుండి పెట్టుకుంటున్నా" అన్నాడు.

నేను ఆ ఇంటికి చేరేసరికి లోపల ఏడుపు వినబడుతున్నది. ఆమె కుమారుడు బయటికి వచ్చాడు. "అరగంట అయింది అయ్యగారూ. మీ బండి చప్పుడేనా అని అమ్మ రెండుసార్లు అడిగింది" అన్నాడు. నన్ను నిందించలేదు. నిందించి ఉంటే బాగుండేదనిపించింది.

ప్రియులారా, ఆ తల్లి రక్షణ నా బండి మీద ఆధారపడలేదు. ఆమె దివిటీలో నూనె ఉన్నది. దేవునికి స్తోత్రము! సిద్ధముగా లేనిది ఆమె కాదు, సేవకుడనైన నేను.

ప్రభువు చెప్పిన ఉపమానములో పదిమంది కన్యకలకూ దివిటీలున్నాయి. పదిమందీ కునికారు. బుద్ధిలేనివారు దొంగతనం చేయలేదు, అబద్ధమాడలేదు. సిద్దెలలో నూనె తెచ్చుకోలేదు, అంతే. ఆ లోటు పగలు తెలియలేదు. అర్ధరాత్రి పెండ్లికుమారుడు వచ్చినప్పుడు తెలిసింది. అప్పటికి తలుపు మూయబడింది.

మన పెట్టెను నింపేవి కూడా చెడ్డవి కావు. కూతురి పెండ్లి, కొడుకు ఉద్యోగం, పంట, చివరకు సంఘపు పనులు కూడా! వాటికి చోటు కావాలని కుటుంబ ప్రార్థనను, వాక్య ధ్యానమును తీసి పక్కన పెడుతున్నామా? ఇంటి పెద్దకు గుండె నొప్పి వచ్చిన రాత్రి బైబిలు ఎక్కడుందని వెదుక్కుంటామా? సామాను ఉంటే చాలదు, వాడడం రావాలి. ఇంటి దగ్గర ఒక్కసారైనా టైరు ఊడదీసి చూడనివాడు అడవిలో ఏమి చేయగలడు? అలాగే పగలు మోకరించని వానికి ఆపదలో ప్రార్థన సులభముగా రాదు.

ఇంకొక మాట. నూనె పంచుకొనుటకు వీలులేకపోయింది. నా విశ్వాసమును నా బిడ్డకు అప్పు ఇవ్వలేను. కాని ఆ యువకుని సామాను నా కొరకు పనికి వచ్చింది. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు ఈ రెండూ చెప్పాడు. ఇతరుల భారములో పాలుపంచుకొమ్మని 2వ వచనములో, ఎవరి మూట వారిదేనని 5వ వచనములో. తన మూట సర్దుకొన్నవాడే దారిలో ఆగి మరొకరికి సాయపడగలడు.

ఈ రాత్రి మీ బండి పెట్టె తెరిచి చూడండి. మీ హృదయమును కూడా తెరిచి చూడండి. రేపు ఏ దారిలో, ఎవరి కొరకు అవసరమగునో మనకు తెలియదు.

ప్రార్థన చేసుకొందాము. పరలోకపు తండ్రీ, మా నిర్లక్ష్యమును క్షమించుము. వేళ రాకమునుపే మమ్మును సిద్ధపరచుము. దారిలో ఆగిపోయిన వారిని చూచి దాటిపోకుండ మాకు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.